ఉత్తుత్తి వకీలు

3, సోమవారం

పని దొరికింది. రంగస్థలం మీద రాజుగా చేశాను, మంత్రిగా చేశాను, ఒకసారి మొదటి అంకం నుంచి చివరి అంకం దాకా శవంగా కూడా పడుకున్నాను. బతికున్న మనిషిగా, అదీ రోజూ టీవీలో కనిపించే మనిషిగా చెయ్యమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

దేశాధ్యక్ష పదవికి పోటీలో మిగిలింది ఇద్దరే. డాక్టరమ్మ, వకీలు. నెలాఖరులో ఇద్దరికీ టీవీలో ముఖాముఖి చర్చ ఉంది. దానికి డాక్టరమ్మకి సాధన కావాలట. ఎదురుగా వకీలులా నిలబడి, వకీలులా వాదించి, వకీలులా ఆమెను ముప్పుతిప్పలు పెట్టే మనిషి కావాలట. ఇంతమంది నటులుండగా నన్నే పిలిచారు. అంటే నా పేరు ఇంకా ఎవరికో గుర్తుందన్నమాట.

పిలిచింది ఆమె ప్రచారం నడిపే మనిషి. నోరు తెరిస్తే "వ్యూహం" అంటాడు కాబట్టి మనసులో అతనికి ఆ పేరే పెట్టేశాను.

"ఒక్కటే నియమం సార్. హాల్లో అడుగుపెట్టాక మీరు మీరు కాదు, వకీలు. మావాళ్ళెవరూ మిమ్మల్ని పలకరించరు. మీరొచ్చే తలుపు వేరు, మీ భోజనం వేరు. మేడమ్‌కి మీమీద స్నేహం పుట్టకూడదు, జాలి అసలే పుట్టకూడదు. ఏమీ అనుకోవద్దు."

"అనుకోవడానికేముంది బాబూ, మా ఇంట్లోనూ అంతేగా" అన్నాను. నేను నవ్వాను, అతను నవ్వలేదు.

ఈ కబురు చెబుదామంటే ఇంట్లో మా ఆవిడ లేదు. నాలుగు రోజులుండి వస్తానని వాళ్ళక్కయ్య ఇంటికి వెళ్ళింది కదా. నాకు డైరీ రాసే అలవాటు లేదు. ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలని మొదలుపెట్టాను.

5, బుధవారం

మూసేసిన బ్యాంకు భవనం, కింది అంతస్తు. టీవీ స్టూడియోలో ఎలా ఉంటుందో అచ్చం అలాగే కట్టారు. రెండు బల్లలు, రెండు మైకులు, నేలమీద ఎక్కడ నిలబడాలో ఎర్ర టేపు, ముఖం మాడిపోయేటంత వెలుతురు. డాక్టరమ్మ పొట్టి మనిషి. ఆమె బల్ల వెనక చెక్కపెట్టె వేశారు, కెమెరాకి తెలియకుండా.

నాకు బూడిదరంగు కోటిచ్చారు. వకీలు వాచీ కుడిచేతికి పెట్టుకుంటాడు, నేనూ కుడిచేతికి మార్చాను. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ తల కొంచెం పక్కకి వంచి, అయ్యో పాపం అన్నట్టు చూస్తాడు. అది పట్టడానికి రెండు రోజులు అద్దం ముందు నిలబడ్డాను. అతని గురించి పేపర్లో వచ్చిందంతా చదివాను. ఆ మధ్య అతని భార్య వదిలేసి వెళ్ళిపోయిందట. అడిగితే "అది మా ఇంటి సంగతి" అని ఊరుకున్నాడట. పాపం. పెద్దవాళ్ళ కథలు అలాగే ఉంటాయి.

మొదటి రోజే డాక్టరమ్మని చిత్తుగా ఓడించాను. ఆమెకి విషయం తెలియక కాదు. తెలియడమే ఆమె ప్రాణానికొచ్చింది. నీటి పన్ను గురించి అడిగితే "అది అంత తేలిక కాదండీ" అని మొదలుపెడుతుంది. సరిహద్దు గురించి అడిగితే "నాకు పూర్తిగా తెలీదు, తెలుసుకోవాలి" అంటుంది. వ్యూహం జుట్టు పీక్కున్నాడు.

"మేడమ్, తెలీదు అనే మాట ఈ గదిలో నిషిద్ధం!"

"తెలీనప్పుడు ఏమనాలి మరి?"

"తెలిసినట్టు నిలబడాలి మేడమ్. నిలబడటమే అర్హత."

నాకూ అది నిజమే అనిపించింది. నలభై ఏళ్ళు నేను బతికింది దానిమీదే.

7, శుక్రవారం

మళ్ళీ గెలిచాను. మా ఆవిడ ఫోను ఎత్తలేదు. అక్కయ్యకి మోకాళ్ళ నొప్పులు కదా, పనిలో ఉండుంటుంది.

10, సోమవారం

భోజనం బ్యాంకు వాళ్ళ పాత లాకరు గదిలో. ఒక కుర్చీ, ఒక బల్ల, కిటికీ లేదు. పక్క గదిలో వాళ్ళందరూ తింటూ నవ్వుకోవడం వినిపిస్తుంది. టీ తెచ్చే అమ్మాయి మొదట్లో ముఖం తిప్పుకుని కప్పు పెట్టేది, నియమం కాబట్టి. ఇప్పుడు నిజంగానే కోపం వచ్చినట్టుంది, టీ సాసర్లోకి ఒలికేలా టపీమని పెడుతోంది. ఇంత గొప్ప అభినందన నాకు స్టేజీ మీద కూడా దక్కలేదు.

చెయ్యడానికేమీ లేక బల్లమీదున్న ఎన్నికల చట్టం చదివాను. అధ్యక్షుడు కావాలంటే ఏం ఉండాలి? ఈ దేశస్థుడై ఉండాలి. వయసు నిండి ఉండాలి. దివాలా తీసి ఉండకూడదు. మతి చలించి ఉండకూడదు. అంతే! కుక్కని పెంచుకోవాలన్నా ఇంతకంటే ఎక్కువ అడుగుతారు. ఆ లెక్కన నేనూ అర్హుణ్ణే. పైగా ఆ ఇద్దరికంటే నా గొంతు బాగుంటుంది.

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. వేళకి తింటున్నావా అని అడిగింది. ఒంటరిగా తినేవాడి ఆకలి గురించి, దేశంలో అటువంటివాళ్ళ పట్ల ప్రభుత్వ బాధ్యత గురించి చెప్పాను. తల పక్కకి వంచి మరీ చెప్పాను, ఫోన్లో కనిపించదని గుర్తే లేదు.

"నాన్నా, ఉపన్యాసం ఆపు. తిన్నావా లేదా?"

"తిన్నాను."

తినలేదు.

13, గురువారం

ఇవాళ జరిగింది రాయాలి.

నిన్న వ్యూహం నాతో, "ఇంకా కనికరం చూపిస్తున్నారు సార్, ఎక్కడ తగిలితే ఏడుస్తుందో అక్కడ కొట్టండి" అన్నాడు. సరే, జీతం తీసుకుంటున్నాను కదా. పిల్లల ఆస్పత్రుల గురించి ఆమె మాట్లాడుతుంటే మధ్యలో అందుకున్నాను. "కన్నవాళ్ళకి తెలుస్తుంది డాక్టరుగారూ ఆ బాధ. మీకు పిల్లల్లేరు. పుస్తకాల్లో చదివినంత మాత్రాన తల్లి మనసు వస్తుందా?" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. బల్ల అంచు పట్టుకుంది. నేను వాచీ సవరించుకున్నాను. అప్పుడు చాలా మెల్లిగా, చీటీమీద మందు రాసిచ్చేటప్పుడు మాట్లాడతారే, అంత మెల్లిగా అంది.

"ఇరవై ఎనిమిదేళ్ళు మీ పక్కన బతికిన మనిషే మిమ్మల్ని నమ్మలేక వెళ్ళిపోయింది. మేమెందుకు నమ్మాలి?"

వకీలుకి ఇరవై ఎనిమిదేళ్ళేనా పెళ్ళై? అవును, అంతే. నాకు ముప్ఫై ఒకటి.

జవాబు చెప్పాలి. నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండదు. స్టేజీ మీద ఎదుటివాడు మాట మర్చిపోతే వాడి మాట, నా మాట రెండూ చెప్పి నాటకం నడిపించినవాణ్ణి. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. దీపాలు వేడిగా ఉన్నాయి. కుడిచేతి వాచీ మీద ఎడమచెయ్యి వేసుకుని నిలబడిపోయాను.

హాలంతా చప్పట్లు. వ్యూహం కుర్చీ ఎక్కి ఎగిరాడు. "దొరికింది! వకీలు నోరు మూయించే మాట దొరికింది!"

మౌనం కూడా నటనే. పెద్ద నటులకి తెలుస్తుంది ఆ సంగతి. ఆ క్షణంలో వకీలు ఏం చేస్తాడో అది చేశాను. అంతే.

14, శుక్రవారం

నటనే.

17, సోమవారం

నియమం పక్కనపెట్టి వ్యూహం నా లాకరు గదికి వచ్చి కూర్చున్నాడు.

"నిజం చెప్పండి సార్. రెండు వారాలుగా వకీలు చర్మంలో ఉన్నారు మీరు. అతన్ని మీకంటే బాగా ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఆ మాట అంటే అతను నిజంగా అలా కుప్పకూలతాడా? ఎదురు తిరిగిందనుకోండి, మేడమ్ పని గోవిందా. ఇంట్లో విషయాలు లాగిందని జనం ఛీ కొడతారు. మీరు సరే అంటేనే పెడతాను."

వకీలు కూలడు. ఆ మాట నాకు తెలుసు. అతను తల వంచి, చిన్నగా నవ్వి, ఆ ప్రశ్ననే పువ్వులా తీసుకుని జేబులో పెట్టుకోగల మనిషి. ఆ రోజు నోరు పడిపోయింది వకీలుకి కాదు. అది చెప్పాలంటే ఎవరికి పడిపోయిందో చెప్పాలి, ఎందుకో చెప్పాలి. ఎందుకో ఏముంది? మా ఆవిడ అక్కయ్య ఇంటికి వెళ్ళింది. ఆడవాళ్ళు అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి వెళ్ళరా?

"కూలతాడు" అన్నాను. "నేను చేసింది అతన్నే కదా."

నా భుజం తట్టి వెళ్ళాడు. ఈ భవనంలో నన్ను ఒక మనిషి ముట్టుకోవడం ఇదే మొదలు.

19, బుధవారం

అమ్మాయి వచ్చింది, ఖాళీ పెట్టెతో. వాళ్ళమ్మ స్వెట్టర్లు, దుప్పటి, కుట్టుమిషను సామాను సర్దుకుంది. కుట్టుమిషను కూడా ఆదివారం మనిషిని పంపి తీసుకెళ్తుందట.

"ఇన్ని ఎందుకే? చలి తగ్గాక వచ్చేస్తుంది కదా."

"అమ్మ రానంది నాన్నా. నీకూ చెప్పింది. వెళ్ళిన రోజే చెప్పింది."

నేను మొదలుపెట్టాను. ఒక మనిషి కోపంలో అన్నమాటకీ ఆలోచించి అన్నమాటకీ తేడా ఉంటుందని, ముప్ఫై ఒక్క ఏళ్ళ సంసారం ఒక్క మాటతో తేలదని, అసలు ఆమె చెప్పిన కారణాల్లో మూడోదానికీ ఒకటోదానికీ పొంతన లేదని.

అమ్మాయి పెట్టె జిప్పు లాగుతూ వింది. పూర్తయ్యేదాకా ఓపిగ్గా వింది. "నీ దగ్గర జవాబుంటుందని తెలుసు నాన్నా. ప్రతిదానికీ ఉంటుంది. అమ్మకి విసుగొచ్చింది దానికే" అంది.

గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, ఫ్రిజ్ తెరిచి చూసి, "గుడ్లయినా ఉడకబెట్టుకో" అని వెళ్ళింది.

ఆవిడ వెళ్ళి చలికాలమంతా అయింది. రాశాను. చేతిరాత వంకరగా వచ్చింది.

21, శుక్రవారం

డాక్టరమ్మకి చెప్పేద్దామని ముందు తలుపు దగ్గరికి వెళ్ళాను. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "వకీలుగారూ, మీ తలుపు వెనక."

వెనక్కి తిరిగాను. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది.

24, సోమవారం

ఇవాళ చివరి సాధన. ఎల్లుండే చర్చ.

అంతా అనుకున్న వరసలోనే నడిచింది. నీటి పన్ను, సరిహద్దు, ఆస్పత్రులు. ఆమె ఇప్పుడు "తెలీదు" అనడం మానేసింది. తెలిసినట్టు నిలబడుతోంది. చివర్లో వ్యూహం వేలు ఎత్తాడు, ఆమె ఆ మాట అంది. పదం పొల్లుపోకుండా, అదే మెల్లని గొంతుతో. నేను నోరు తెరిచి నిలబడిపోవాలి.

"నిజమే" అన్నాను. "ఆవిడ నన్ను నమ్మలేదు. ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. నేను మాట్లాడినంతగా వినలేదు, అదొకటి. మిగతావి ఆవిడనే అడగండి, నాకంటే బాగా చెబుతుంది."

వ్యూహం చేతిలో కాగితాలు విసిరేశాడు. "ఏంటి సార్ ఇది? మీరు గమ్మున ఉండాలి కదా! వకీలు చచ్చినా ఇలా అనడు!"

"అంటాడు. అతని దగ్గర జవాబుంటుంది. ఆ రోజు మాట రానిది వకీలుకి కాదు బాబూ. నాకు."

ఎవరూ కదలలేదు. డాక్టరమ్మే చెక్కపెట్టె దిగి, "అందరూ కాస్త బయటికి వెళ్తారా?" అంది. పెట్టె దిగితే నా భుజం దాకా కూడా రాదు.

"మీ ఆవిడ ఎప్పుడు వెళ్ళారు?"

"చలికాలం మొదట్లో."

"నాకు ఆ రోజే తెలిసిందండీ" అంది. "నా దగ్గరికొచ్చే పసిపిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు. పొట్టమీద ఒక్కోచోటా నొక్కి, ముఖం చూసి కనుక్కోవాలి. జీవితమంతా అదే పని చేశాను. మీ ముఖం చూశాను కదా."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

ఆమె జవాబు కోసం వెతుక్కోలేదు. "చప్పట్లు కొట్టారండీ. ఈ హాల్లో నాకు చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి."

నాకు కోపం రావాలి. రాలేదు. చప్పట్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా?

"అతనికి కూడా నొప్పి ఉంటుందంటారా అక్కడ?" అని అడిగింది.

"ఉంటుంది. కానీ అతను పైకి తేలనివ్వడు. మీరే బురదలో పడతారు. పడకపోయినా ఆ మాట అనకండమ్మా. ఆస్పత్రులకీ దానికీ సంబంధం ఏముంది?"

"అతను గెలిస్తే ఊళ్ళల్లో పిల్లల ఆస్పత్రులు మూతపడతాయి. లెక్కలు చూశాను. అవి నేను పది నిమిషాలు చెబితే ఎవరూ వినరు. ఈ ఒక్క మాట వింటారు." ఆమే మళ్ళీ, "ఏడుస్తారని సూది మానేస్తే పిల్లలు బతకరండీ" అంది.

"సూదిలో మందుంటేనే కదమ్మా వేస్తారు."

ఆమె నేలమీది ఎర్ర టేపు వైపు చూసింది. "అంటారా, అనరా?" అని అడిగాను.

"తెలీదు" అంది. "ఆ మాట మీ ఒక్కరి దగ్గరే అనగలను ఇక్కడ."

అప్పుడు నాకు గట్టిగా అనిపించింది, ఈమె అనదని. తెలీదు అని ఒప్పుకోగల మనిషి ఆ కుర్చీలో కూర్చోవాలని. బస్సెక్కకుండా నడిచే ఇంటికొచ్చాను. ఒక మనిషి నన్ను నేనుగా కూర్చోబెట్టి మాట్లాడి ఎన్నాళ్ళయిందో. గుడ్లు ఉడకబెట్టుకున్నాను.

26, బుధవారం

చర్చ అయిపోయింది.

పార్టీ ఆఫీసులో పెద్ద టీవీ. నా పాత్ర ముగిసింది కాబట్టి నియమం కూడా ముగిసిందట. ముందు వరసలో కుర్చీ వేశారు. టీ అమ్మాయి నవ్వుతూ కప్పు చేతికిచ్చింది. "నిజంగా మీరంటే ఒళ్ళు మండిపోయేది సార్ నాకు" అంది.

వకీలు బూడిదరంగు కోటులోనే వచ్చాడు. మాట్లాడాడు. నేను నోరెళ్ళబెట్టి చూశాను, ఎందుకంటే అతను నేను కాదు. నేను చేసినంత క్రూరంగా లేడు. ఆమెను మధ్యలో ఆపలేదు. పిల్లల్లేరన్న ఊసే ఎత్తలేదు. అయ్యో పాపం అన్న చూపు అనుకున్నది, చెవి సరిగ్గా వినపడక తల వంచడమని దగ్గరగా చూస్తే తెలిసింది. విషయం తక్కువ, మర్యాద ఎక్కువ. కానీ గెలుస్తున్నది అతనే. ఆస్పత్రుల లెక్కల్లో డాక్టరమ్మ తడబడింది. ఒక అంకె తప్పు చెప్పి దిద్దుకుంది, దిద్దుకున్నది ఇంకోసారి దిద్దుకుంది. గదిలో ఎవరో "అయిపోయాం" అన్నారు.

ఆమె బల్ల అంచు పట్టుకుంది. అది చూడగానే నాకు తెలిసిపోయింది.

అంది. అతను ఏ మాటా అనకుండానే, ఏ కారణమూ ఇవ్వకుండానే అంది. నామీద సాధన చేసిన గొంతుతోనే అంది.

వకీలు నోరు తెరిచాడు. ఎడమచెయ్యి తీసి కుడిచేతి వాచీ మీద వేసుకున్నాడు. కెమెరా అతని ముఖం దగ్గరికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. "నిజమేనని చెప్పు" అన్నాను టీవీతో. "నిజమే అను నాయనా, అదొక్కటి అను చాలు." గదిలో ఆ గోలకి నా మాట నాకే వినపడలేదు. అతను ఏమీ అనలేదు. అనలేకపోయాడు.

వ్యూహం నన్ను కావలించుకుని పైకెత్తాడు. "మీరు చేసినట్టే! అచ్చం మీరు చేసినట్టే సార్! మీ అంత నటుడు లేడు!"

స్టూడియో నుంచి డాక్టరమ్మ వచ్చింది. అందరూ చుట్టుముట్టారు. ఒక్కొక్కరి చెయ్యి కలుపుతూ నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది గానీ ముఖం చూడలేదు. ముఖం చూస్తే కనుక్కుంటుంది కదా. పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

భోజనాలు పెట్టారు. నాకూ వాళ్ళతోపాటే వడ్డించారు. తినకుండా వచ్చేశాను.

27, గురువారం

ప్రతి పేపర్లోనూ వకీలు ముఖమే.

2, ఆదివారం

పోలింగు. డాక్టరమ్మ గెలుస్తుందని అందరికీ తెలుసు. ఏమో, మంచి పాలనే చేస్తుందేమో. ఆస్పత్రులు ఉంటాయి. పిల్లలు బతుకుతారు. ఆ మాట కాదనడానికి నేనెవరిని?

తెర వెనక్కి వెళ్ళి రెండు పేర్లూ చూస్తూ నిలబడ్డాను. చట్టం అడిగినవన్నీ ఇద్దరికీ ఉన్నాయి. వెనక ఎవరో దగ్గారు. వకీలుకి వేశాను. తీసుకున్న జీతానికి ద్రోహం చేశాను. అతని విధానాలు నాకు ఒక్కటీ నచ్చవు. కానీ ఆ రోజు దేశమంతా అతన్ని చూసి కేరింతలు కొట్టినప్పుడు పక్కన ఒక్కళ్ళయినా నిలబడాల్సింది. టీవీలోకి వెళ్ళి నిలబడలేను కదా, ఇక్కడ నిలబడ్డాను.

అక్కణ్ణించి అడుగులు వాటంతట అవే మా వదినగారి వీధికి దారి తీశాయి. తలుపు మా ఆవిడే తీసింది. కళ్ళజోడు కొత్తది.

"ఏం చెప్పడానికొచ్చారు?"

"ఏమీ లేదు."

నమ్మలేదు. తలుపు పట్టుకుని ఎదురుచూసింది, ఇప్పుడు మొదలుపెడతాడు అన్నట్టు. నేను మొదలుపెట్టలేదు. ఆమే అంది, "టీవీలో చూశాను ఆ వకీలుగారిని. పాపం. అక్కయ్య నవ్వింది గానీ నాకు ఏడుపొచ్చింది. మగాడికి కూడా మాట రాదని ఇన్నేళ్ళకి చూశాను."

అది నాది. అతనికంటే ముందు ఆ హాల్లో అలా నిలబడ్డది నేను. నన్ను చూశాకే వాళ్ళు ఆ మాట పట్టుకున్నారు. నువ్వు ఏడ్చింది నాకోసమే తెలుసా! ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఎంత బాగుంటుంది! ఎంత చక్కగా చెప్పగలను!

చెప్పలేదు. "అవును, పాపం" అన్నాను.

ఆమె కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసింది. లోపలికి రమ్మనలేదు. "మంచినీళ్ళు తాగుతారా?" అంది. తలూపాను. తెచ్చింది. గుమ్మం బయటే నిలబడి తాగి, గ్లాసు చేతికిచ్చాను.

తలుపు వేసుకుంది. మెల్లిగానే వేసుకుంది.